ట్యాంకరు వచ్చింది, బావి పోయింది



నెల్లూరు సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. అల విరిగే చోటికి కూతవేటు దూరంలో, ఇసుక దిబ్బ వారగా చేతులతో చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరేవి. మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, తూపిలిపాళెం వైపు ఏ పట్టపుపాళెంలోనైనా, అంటే మత్స్యకారుల పల్లెలో, పెద్దవాళ్ళను అడగండి, ఆ నీళ్ళ రుచి గురించి చెబుతారు. చెలమ నీళ్ళు తాగారు. ఇసుకలో తవ్విన దొరువు నీళ్ళతో నారుమళ్ళు పెంచారు, కూరపాదులు పెట్టారు. పక్కనే అంత ఉప్పు సముద్రం ఉండగా ఇసుక కింద మంచినీళ్ళు ఎలా నిలిచాయి? దీన్ని కాస్త నిదానంగా చెబుతాను. ఇది అర్థమైతే ఆ నీళ్ళు ఎట్లా పోయాయో కూడా అర్థమవుతుంది.

మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక. వాన పడితే ఇసుకలోకి ఇంకిన నీరు అడుగున ఉన్న ఉప్పునీటి మీద, నీళ్ళ మీద నూనె తేలినట్టు తేలుతుంది. అయితే నూనెకు, నీటికి మధ్య ఉండే తెగని గీత ఇక్కడ ఉండదు. ఒకసారి కలిశాయంటే విడదీయడం మన చేతిలో లేదు. వందేళ్ళకు పైగా భూగర్భజల శాస్త్రవేత్తలు వాడుతున్న లెక్క ఒకటుంది. సముద్ర మట్టం కన్నా ఒక మీటరు ఎత్తున మంచినీటి మట్టం నిలిచి ఉంటే, దాని అడుగున సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి హాయిగా ఉంది కదా? ఇదే లెక్కను తిరగేసి చూడండి. బోర్లు వేసి తోడేసి పైన ఒక్క మీటరు తగ్గించామంటే, కాలం గడిచేకొద్దీ అడుగు నుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి ఎగబాకడానికి దారి ఇచ్చినట్టే. ఒడ్డున ఉన్న ఊళ్ళ మంచినీళ్ళు అంత సున్నితమైన తూకం మీద నిలబడి ఉన్నాయి.

1990 తర్వాత మన తీరానికి రొయ్యల గుంటలు వచ్చాయి. టైగర్ రొయ్యకు విదేశాల్లో మంచి ధర ఉండేది. కండలేరు ఉప్పుటేరు పక్కనా, బకింగ్‌హాం కాలువ వెంటా, దిబ్బల మధ్యా గుంటలు తవ్వారు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. టైగర్ రొయ్య బాగా ఎదగాలంటే అంత ఉప్పు అక్కర్లేదు, 15 నుంచి 25 గ్రాములు చాలు. మరి ఉప్పు తగ్గించాలంటే? బోరు వేసి మంచినీళ్ళు తోడి కలిపారు. అంటే ఊరి బావికి ఒకేసారి రెండు వైపుల నుంచి దెబ్బ తగిలింది. పైనుంచి గుంటలోని ఉప్పునీరు ఇసుకలోకి ఇంకింది, అడుగున మంచినీటి పొర తోడుకుపోయి పలచబడింది. ఇవి చాలవన్నట్టు పట్టుబడి అయ్యాక గుంట ఖాళీ చేసి, మిగిలిన మేత, రొయ్యల మలం, అమ్మోనియా, గుంట శుద్ధికి పోసిన బ్లీచింగ్, తెగుళ్ళకు వేసిన మందులు అన్నీ కలిసిన నీళ్ళను పక్క కాలువలోకి వదిలేశారు. ఆ కాలువ గట్టునే కింది ఊళ్ళ బావులున్నాయి.

ఈ మాట రైతుల మీద కోపంతో చెప్పడం లేదు. గుంట వేసిన వాళ్ళలో పెద్ద కంపెనీలూ ఉన్నాయి, అప్పు తెచ్చి రెండెకరాలు కౌలుకు తీసుకున్న వాళ్ళూ ఉన్నారు. 1994 చివర్లో వైరస్ తెగులు వచ్చి నెల్లూరు తీరంలో గుంటలు తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఆ చిన్న రైతులే మునిగారు. వాళ్ళూ ఈ ఊళ్ళ నీళ్ళే తాగాలి. నేను అడుగుతున్నది ప్రభుత్వం ఏం చేసింది, ఏం చేయాల్సి ఉంది అని.

తమిళనాడులో ఎస్. జగన్నాథన్ అనే గాంధేయవాది ఉండేవారు. భూమిలేని పేదల కోసం జీవితమంతా పనిచేసిన మనిషి. రొయ్యల గుంటలు తీరప్రాంతపు పొలాలనూ నీళ్ళనూ పాడుచేస్తున్నాయని ఆయన 1994లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కోర్టు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరీ నిపుణులను ఆంధ్ర, తమిళనాడు తీరాలకు పంపింది. వాళ్ళు 1995 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. రొయ్యలమ్మి సంపాదించిన దానితో పోల్చితే జరిగిన నష్టం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగు రెట్లు ఉందని నీరీ లెక్కగట్టింది. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. ఆ తీర్పులో మన జిల్లాలోని కుర్రు అనే ఊరి పేరు ఉంది. గుంటల వల్ల నీళ్ళు ఉప్పగా మారి అక్కడి 600 మంది మత్స్యకారులకు తాగునీళ్ళు లేకుండా పోయాయని, ఆడవాళ్ళు ఆందోళన చేశాక ట్యాంకర్లతో నీళ్ళు పంపారని అందులో రాసి ఉంది.

ఆ మాటలనే మరొక్కసారి వినండి. నీళ్ళు ఉప్పగా మారాయి. ఆడవాళ్ళు రోడ్డెక్కారు. ట్యాంకరు వచ్చింది. బావి సంగతి? అది అక్కడితో ఆగిపోయింది. దాదాపు ముప్పై ఏళ్ళుగా తీరప్రాంతపు తాగునీటి విషయంలో ప్రభుత్వాల పని తీరు మొత్తం ఈ మూడు ముక్కల్లోనే ఉందని నా అభిప్రాయం. పాడైన నీటికి బదులు ఇంకెక్కడి నుంచో నీళ్ళు తెచ్చిపెడతారు. పాడు కాకుండా ఆపరు.

కోర్టు మాత్రం ఆపమనే చెప్పింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో, అంటే పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు, సంప్రదాయ పద్ధతివి తప్ప రొయ్యల గుంటలు ఉండకూడదంది. మన పులికాట్ సరస్సు చుట్టూ, ఒడిశాలోని చిలికా చుట్టూ 1000 మీటర్ల లోపు కూడా వద్దంది. వ్యవసాయ భూమి, ఉప్పు మడులు, మడ అడవులు, ఊరి ఉమ్మడి భూములు గుంటలుగా మార్చడానికి వీల్లేదంది. 1997 మార్చి 31 లోపల తీసేయమంది. నష్టపోయిన వాళ్ళకు పరిహారం గుంటల యజమానులే కట్టాలంది. పనిపోయే కూలీలకు ఆరేళ్ళ కూలి పరిహారంగా ఇవ్వమని కూడా చెప్పింది. ఒక తీర్పులో ఒడ్డునున్న పేదవాడి నీళ్ళనూ, గుంటలో పనిచేసే పేదవాడి కూలినీ రెంటినీ పట్టించుకోవడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

తర్వాత ఏమైంది? 1997లోనే పునర్విచారణ పిటిషన్లు పడ్డాయి, కూల్చివేత ఆగింది. పార్లమెంటులో ఒక బిల్లు వచ్చింది, అది పూర్తి కాలేదు. చివరికి 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేశారు. చెన్నై కేంద్రంగా ఒక అథారిటీ ఏర్పడింది. పోటు గీత నుంచి 500 మీటర్లని కోర్టు అన్న చోట ఈ చట్టం 200 మీటర్లు చాలంది. పైగా తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఈ గుంటలకు వర్తించవని 1991 నుంచే అమల్లోకి వచ్చినట్టుగా సవరించారు. జరిగిపోయిన ఉల్లంఘనలు ఒక్క కలంపోటుతో చట్టబద్ధమయ్యాయి. 2023లో మరో సవరణ చేసి, రిజిస్ట్రేషన్ లేకుండా గుంటలు నడిపితే ఉన్న జైలు శిక్షను తీసేసి జరిమానా పెట్టారు.

అయినా ఆ 2005 చట్టం కింద వచ్చిన మార్గదర్శకాల్లో మంచి మాటలున్నాయి. తాగునీటి వనరుకు కనీసం 100 మీటర్ల దూరంలో గుంట ఉండాలి. 500 మందికి పైగా ఉన్న ఊరికి 300 మీటర్ల దూరం పాటించాలి. వాననీరు పోయే కాలువలకు అడ్డంగా కట్టకూడదు. 5 హెక్టార్లు దాటిన గుంటలకు వాడిన నీటిని శుద్ధిచేసే ఏర్పాటు తప్పనిసరి. దరఖాస్తులను పరిశీలించే జిల్లా కమిటీకి కలెక్టరుగారే అధ్యక్షులు. కాగితం మీద బావికి రక్షణ ఉంది. కానీ ఆ కమిటీ ముందుకు వచ్చే దరఖాస్తులో గుంట విస్తీర్ణం ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది. పక్క బావిలో ఆనాటికి నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయన్న లెక్క ఉండాలని మాత్రం ఎవరూ పట్టుబట్టరు. ఆ లెక్క లేకపోతే ఐదేళ్ళ తర్వాత నీళ్ళు ఉప్పగా మారాయని ఏ తల్లి ఎట్లా రుజువు చేయగలదు?

ఈ రుజువు భారం గురించి కూడా సుప్రీంకోర్టు చెప్పింది. 1999లో, హైదరాబాదుకు తాగునీరిచ్చే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల దగ్గర ఒక పరిశ్రమ పెట్టబోతే కాలుష్య నియంత్రణ మండలి అడ్డుకుంది. ఆ కేసు తీర్పులో న్యాయమూర్తులు, హాని జరగదని నిరూపించాల్సింది పరిశ్రమ పెట్టేవాడే అని తేల్చారు. అప్పటి రాజధాని నీళ్ళకు వర్తించిన న్యాయం పట్టపుపాళెం నీళ్ళకు ఎందుకు వర్తించకూడదు?

నెల్లూరు జిల్లాకూ నీటిలోని విషానికీ ఇంకో పాత సంబంధం ఉంది. మన దేశంలో తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకర్లు పోతాయని మొదట గుర్తించింది ఈ జిల్లాలోనే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్ళాయి. అక్కడి రైతులు తమ ఎద్దులు నడవలేకపోతున్నాయని ముందు కనిపెట్టారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు షార్ట్, ఆయన సహచరులు పరిశోధించి 1937లో ప్రకటించారు. ఇంత కాలమైనా కనిగిరి ప్రాంతం ఆ బాధ నుంచి పూర్తిగా బయటపడలేదు. ఆ ఫ్లోరైడ్ రాతిలో ఉంది, దానికి ఎవరూ అనుమతి ఇవ్వలేదు. ఒడ్డున ఉప్పు అట్లా కాదు. సంతకం పెట్టిన అనుమతితో వచ్చింది కనుక, సంతకంతోనే ఆపవచ్చు. నాకు ఆశ కలిగించేది ఇదే.

ప్రభుత్వాలు కదలవని కూడా అనలేం. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. రెండు రోజుల్లో ముఖ్యమంత్రి వచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ, నీరీ అన్నీ దిగాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. నీళ్ళు, పాలు, కూరగాయలు అన్నీ పరీక్షించారు. మనుషులు రోడ్డు మీద పడిపోతే యంత్రాంగం పరుగెత్తుతుంది. కానీ ఉప్పునీళ్ళు తాగినవాడు రోడ్డు మీద పడిపోడు. బంగ్లాదేశ్ తీరంలో దాకోప్ అనే ప్రాంతంలో గర్భిణులను పరిశీలించిన వైద్య పరిశోధకులు, తాగే నీటిలో ఉప్పు ఎక్కువైన వాళ్ళలో రక్తపోటు, దానితో వచ్చే గర్భవాతం ఎక్కువగా ఉన్నాయని 2014లో ప్రచురించారు. అక్కడా కారణాల్లో రొయ్యల సాగు ఒకటి. మన ఒడ్డున కాన్పుకు వచ్చిన తల్లి బీపీ కొలిచే చోట, ఆమె తాగే నీటిలో ఉప్పు ఎంత ఉందో కూడా రాసుకోవడం పెద్ద పని కాదు. రెండు కాలమ్‌లు పక్కపక్కన ఉంటే ఏ ఊళ్ళో ఏం జరుగుతోందో ఏడాదిలో తెలుస్తుంది.

ఇప్పుడు ఊళ్ళలో ఆర్ఓ ప్లాంట్లున్నాయి. 2014లో 2 రూపాయలకు 20 లీటర్ల పథకం మొదలైంది. 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు కుళాయి ద్వారా ఇవ్వాలంది. ఇవి మేలు చేశాయి, కాదనను. తాగడానికి డబ్బా నీళ్ళు దొరుకుతున్నాయి. కానీ గేదెకు ఆర్ఓ నీళ్ళు ఎవరు పెడతారు? కొబ్బరి చెట్టుకు, బీరపాదుకు ఎవరు పోస్తారు? ఒళ్ళు రుద్దుకోవడానికి, బట్టలుతకడానికి ఉప్పునీళ్ళే. తుపాను వచ్చి మూడు రోజులు కరెంటు పోతే డబ్బా కూడా ఉండదు. మన తీరానికి తుపాను కొత్త కాదు. ఆనాడు పాత బావే దిక్కు, ఆ బావిని మనమే పోగొట్టుకున్నాం.

నీటి పరీక్షల సంగతీ ఇట్లాగే ఉంది. ఊరికి ఐదుగురు మహిళలకు కిట్లిచ్చి నేర్పించాలని జల్ జీవన్ మిషన్ చెప్పింది. చాలా మంచి ఆలోచన. ఆ కిట్‌తో క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం చూడవచ్చు. పురుగుమందు, యాంటీబయాటిక్ అవశేషాలు దానికి అందవు, వాటికి పెద్ద ప్రయోగశాల కావాలి. రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయాటిక్‌లను నిషేధించారు. విదేశాలకు వెళ్ళే రొయ్యలో వాటి ఆనవాళ్ళు ఉన్నాయేమోనని ప్రయోగశాలల్లో వెతుకుతారు, ఎందుకంటే యూరప్ వాళ్ళు సరుకు వెనక్కి పంపుతారు. పరదేశంలో భోంచేసేవాడి పళ్ళెం కోసం ఉన్న ఆ పరికరాలను ఏడాదికి ఒక్కసారి గుంట పక్క బావి నీళ్ళకు వాడలేమా?

టైగర్ పోయి 2009 తర్వాత వనామి రకం రొయ్య వచ్చాక సమస్య రూపం మారింది. వనామి తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది. అందుకే గుంటలు ఒడ్డు దాటి లోపలికి, వరి పొలాల మధ్యకు నడిచాయి. మరోవైపు ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం ఓడరేవు, నేలటూరు థర్మల్ కేంద్రం, పంటపాళెం నూనె శుద్ధి కర్మాగారాలు వచ్చాయి. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సీసం, పాదరసం, క్రోమియం ఆనవాళ్ళు ఉంటాయి. బూడిద చెరువు అడుగు గట్టిగా లేకపోతే అవి మెల్లగా నీటిలోకి దిగుతాయి. బూడిదను నూటికి నూరు పాళ్ళు సిమెంటుకో, ఇటుకకో, రోడ్డుకో వాడాలని, లేకపోతే టన్నుకు 1000 రూపాయల పరిహారం కట్టాలని 2021 డిసెంబరు 31న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ డబ్బు ఎక్కడ వసూలైనా, అందులో మొదటి వాటా బూడిద చెరువు పక్క ఊళ్ళ బావుల పరీక్షకు పోవాలి.

నా మనసులో ఉన్న ప్రతిపాదన ఒకటి చెబుతాను. ఆక్వా రైతులకు రాష్ట్ర ప్రభుత్వం యూనిట్ రూపాయిన్నరకే కరెంటు ఇస్తూ వచ్చింది. అది ప్రజల సొమ్ము, ఇవ్వవచ్చు, చిన్న రైతు నిలబడాలి. కానీ ఆ రాయితీకి ఒక షరతు పెట్టమని అడుగుతున్నాను. గుంట నుంచి వదిలే నీటిని ముందు నిలవ గుంటలో ఆపి, అడుసు దించి, ఆ తర్వాతే కాలువలోకి వదలాలి. ఆ ఏర్పాటుకు జాగా లేని చిన్న రైతులు పది, ఇరవై మంది కలిసి ఉమ్మడిగా పెట్టుకోవడానికి ప్రభుత్వమే ఖర్చు భరించాలి. దాడులు, నోటీసులు, కోర్టుల కన్నా ఇది త్వరగా ఫలిస్తుందని నా నమ్మకం. రైతుకు నెలనెలా వచ్చే బిల్లులో చట్టం కనిపిస్తుంది.

రెండోది ఇంకా సులువు. గుంటకు అనుమతి ఇచ్చే ముందు చుట్టుపక్కల బావులు, చేతిపంపుల నీళ్ళు పరీక్షించి, కరిగిన లవణాలు ఎంత, క్లోరైడ్ ఎంత అన్నది అనుమతి పత్రంలోనే రాయాలి. మంచినీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలనీ, వేరే గతి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణం చెబుతోంది. అనుమతి ఇచ్చిన రోజు 600 ఉన్న బావి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రోజుకు 1800 అయితే, ప్రమాణం దాటలేదు కదా అని ఊరుకోవడం కాదు. మూడింతలైంది ఎందుకని గుంట యజమానిని అడగాలి. అనుమతి ఐదేళ్ళకోసారి పునరుద్ధరించాలి కనుక అడిగే అవకాశం చట్టంలోనే ఉంది.

ఈ మాటలు వింటున్న వాళ్ళలో ఒడ్డున ఉన్న అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళకో విన్నపం. మీ ఊళ్ళో కిట్ ఇచ్చిన ఐదుగురు ఎవరో తెలుసుకోండి. కుళాయి నీళ్ళే కాదు, వాడుక మానేసిన పాత బావి నీళ్ళు కూడా పరీక్ష చేయించండి. వేసవిలో ఒకసారి, ఈశాన్య రుతుపవనం వానలు అయ్యాక ఒకసారి చేయించి, ఆ అంకెలను తేదీతో సహా పంచాయతీ గోడ మీద రంగుతో రాయించండి. మీ ఊరి పరిధిలో రిజిస్ట్రేషన్ ఉన్న గుంటలెన్ని, బావికి 100 మీటర్ల లోపు ఉన్నవి ఏవి అని మత్స్యశాఖను సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జాబితా, ఆ గోడ మీది అంకెలు పట్టుకుని గ్రామసభలో తీర్మానం చేయించి, కలెక్టరుగారి జిల్లా కమిటీకి పంపండి. ఆ కమిటీ ముందుకు గుంట యజమాని కాగితం ఒక్కటే కాకుండా బావి కాగితం కూడా వెళ్ళాలి.